కోతపండుగకు వచ్చిన పైపులు

మా జమ్మలమడుగు చర్చిలో కోతపండుగ వేలం ఎట్లా జరుగుతుందో ముందే చెప్పాలి. లేకపోతే నేను తర్వాత చెప్పేది మీరు నమ్మరు. ఏడాదికోసారి సంఘంలో వాళ్ళందరూ తమ ఇంట పండిందో, పెరిగిందో, వండిందో తెచ్చి రొట్టె, రసం పంచే సంస్కారపు బల్ల మీదా దాని ముందరా పెడతారు. గుమ్మడికాయలు, జొన్నల మూటలు, చీనీకాయలు, కాళ్ళు కట్టేసిన నాటుకోళ్ళు, కజ్జికాయల డబ్బాలు. ఆరాధన ముగియగానే వాటికి వేలం. వచ్చిన సొమ్ము చర్చికి. పాడుకున్న వాళ్ళలో సగం మంది దాన్ని ఇంటికి తీసుకుపోరు, తిరిగి బల్ల మీదే పెట్టేస్తారు. మళ్ళీ వేలం. ఒక నిమ్మకాయ అట్లా తిరిగి తిరిగి మధ్యాహ్నానికి మేకపిల్ల ధర పలికిన ఏడు కూడా ఉంది. ఆ నిమ్మకాయను చివరికి ఎవరు పిండుకున్నారో నాకు తెలియదు.

ఈ ఏడు పండుగ దగ్గర పడింది. మొన్న మా పాస్టరు అయ్యగారి భార్య నేనిప్పుడు ఉండే ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి, "ఏం తెస్తాండావు టీచరమ్మా?" అని అడిగింది. ఏదో ఒకటి తెస్తానులే అన్నాను. ఫోన్ పెట్టేశాక వేరే పని చేయబుద్ధి కాలేదు. పోయిన ఏడు ఆ బల్ల మీద గుమ్మడికాయలకూ కోళ్ళకూ మధ్యలో పైపులు ఉండినాయి. పొగ తాగే పైపులు. అవి మా చిన్నాయనవి.

చిన్నాయన అంటే చుట్టరికం ఏమీ లేదు. జమ్మలమడుగులో మా పుట్టింటి పక్క ఇల్లు. ఉద్యోగం పులివెందుల బస్టాండులో, కంట్రోలరు. నా మొదటి ఉద్యోగం పులివెందులలో ఒక బడిలో వచ్చింది కాబట్టి, ఇంటి దగ్గర చూసింది చాలదన్నట్టు పొద్దునా సాయంత్రమూ బస్టాండులో కూడా ఆయననే చూసేదాన్ని. మనిషి పొట్టి. నోట్లో పైపు మాత్రం నిలువెత్తు మనిషికి సరిపోయేది. మైకులో బస్సు పేరు చెప్పేటప్పుడు కూడా దాన్ని తీసేవాడు కాదు, నోటి ఎడమ మూలకు తోసి కుడి మూలతో మాట్లాడేవాడు. ముద్దనూరు బస్సు, కదిరి బస్సు ఆ నోటి నుంచి ఒకేలా వినిపించేవి. పులివెందుల వాళ్ళకు అలవాటే. కొత్తవాళ్ళే కదిరికి పోవాల్సి ముద్దనూరు బస్సులో ఎక్కి కూర్చునేవాళ్ళు. వాళ్ళను దించడం మళ్ళీ ఆయన పనే. బస్సు వెంట పరిగెత్తి పైపుతోనే రేకు మీద టకటకమని కొట్టేవాడు.

ఆయన నెత్తి మీదే "పొగ తాగరాదు" అని బోర్డు ఉండేది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఇదేంటయ్యా అని నిలదీశాడు.

"తాగేదానికి నిప్పుండాల గద సార్. నిప్పు యాడుంది?" అని చిన్నాయన పైపును తలకిందులు చేసి చూపించాడు. నిజమే, అందులో ఏమీ లేదు. బస్టాండులో ఉన్నంతసేపూ ఆయన పైపు వెలిగించేవాడు కాదు. ఉత్తది పట్టుకుని తిరిగేవాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వసారాలో కుర్చీ వేసుకున్నాకే అగ్గిపుల్ల గీసేవాడు. "తొందరుండేవాడు బస్సెక్కాల పాపా. పైపు పట్టుకోకూడదు," అనేవాడు నాతో. నాకెప్పుడూ తొందరే అని ఆయన ఎత్తిపొడుపు.

ఆ పైపులు కూడా బస్టాండు నుంచే వచ్చాయి. మా వైపు ఇంటికొకరు కువైట్ పోతారు. వాళ్ళందరూ సాయంత్రం మద్రాసు బస్సు ఎక్కాల్సింది చిన్నాయన కళ్ళ ముందరే. ఏడ్చే అమ్మలను పక్కకు తీసుకుపోయి నీళ్ళు తాగించేవాడు. మొదటిసారి పోయే ఆడపిల్లలకు డ్రైవరు వెనక సీటు ఇప్పించి, "ఈ పాప కొత్తప్పా, ఎయిర్‌పోర్టు దోవలో దింపు, మరిచిపోయేవు," అని డ్రైవరుకు అప్పజెప్పేవాడు. వాళ్ళు కిటికీలోంచి "నీకేం తేవల్ల మామా?" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు.

"సెంటొద్దు, సబ్బులొద్దు. యాడన్నా పాత పైపు కంటబడితే తే. కొత్తది కొన్యావంటే నేను తీసుకోను."

వాళ్ళూ తెచ్చేవాళ్ళు. సంతలోనో, పాత సామాన్ల అంగడిలోనో దొరికినవి. వసారా గోడకు ఒక చెక్కకు బొక్కలు కొట్టి వాటిని వరుసగా తగిలించాడు. ఆ చెక్క ఒకప్పుడు ఏదో బస్సులో సీటు. పైపులకు తెచ్చినవాళ్ళ పేర్లే పెట్టాడు. "ఈపొద్దు ఓబులేసును ముట్టిద్దాం," అనేవాడు. లేదా, "సుబానీ కోపంగా ఉండాడు, రెండు దినాలు ఆరనియ్యల్ల." మరియమ్మ అని ఒక పైపు ఉండేది. ఆ పిల్ల కువైట్‌లో ఇంటిపనికి పోయింది. వాళ్ళ అరబ్బు పారేసిన పైపును చెత్తబుట్టలోంచి తీసి గుడ్డలో చుట్టి తెచ్చింది. వాడి పళ్ళ గాట్లు కూడా దాని మీద ఉన్నాయి. చిన్నమ్మ చూసి, "థూ, యెవుడిదో ఎంగిలి!" అంది. ఆయన దాన్ని తీసుకుని అదే గాట్ల మీద పళ్ళు ఆనించి చూసుకుని, "సరిపోయింది," అన్నాడు సంబరంగా.

చిన్నమ్మ అంటే ఆయన భార్య. పైపు గడప దాటి ఇంట్లోకి రాకూడదని ఆమె పెళ్ళయిన కొత్తలోనే తీర్మానించింది. అది చివరిదాకా నడిచింది. వసారా ఊడ్చేటప్పుడు కూడా ఆ చెక్క కింద చీపురు పెట్టేది కాదు, అదేదో పరాయి దేశమైనట్టు. ఆయనే ఊడ్చుకోవాలి. పొగ లోపలికి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కిటికీ రెక్క ఆయనకు వినబడేలా వేసేది. ఆయన వింటూనే ఇంకో దమ్ము లాగేవాడు. వాళ్ళ కాపురంలో మాటల కంటే ఆ కిటికీ చప్పుడే నాకు ఎక్కువ గుర్తు.

పొగాకు మాత్రం ప్రొద్దుటూరు నుంచి వచ్చేది. అక్కడ అత్తరు దుకాణం భాయ్ ఒకాయన చిన్నాయనకు ప్రాణ స్నేహితుడు. నాటు పొగాకును నలిపి, తేనె నీళ్ళు చల్లి, ఇంకా ఏమేమో కలిపి ఆరబెట్టి, చిన్న రేకు డబ్బాలో పెట్టి పంపేవాడు. అందులో ఏముందో ఎవరికీ చెప్పడు. మొట్టమొదటి పైపు కూడా భాయ్ ఇచ్చిందే, ఎప్పుడో సరుకుల పెట్టెలో అడుగున వచ్చిందట. పైపుల వరుసలో దాని పేరు భాయ్. రోజూ నోట్లో ఉండేది అదే. మిగతావి ఆదివారాలకు, పండుగలకు. రంజానుకు భాయ్ ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ నిండా సేమ్యా పాయసం వచ్చేది. చిన్నమ్మ ఆ క్యారియర్‌ను కడిగి ఉత్తది పంపేది కాదు. గిన్నె గిన్నెలో ఏదో ఒకటి ఉండాల్సిందే, ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా. ఒకరింటి గిన్నె ఖాళీగా వెనక్కి పంపడం ఆమె దృష్టిలో దొంగతనం తర్వాత అంతటి తప్పు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం బస్సు రాక కంట్రోలరు గదిలో కూర్చున్నాను. బల్ల మీద పైపు ఉంది. లోపల చూస్తే నల్లటి మసి దళసరిగా పేరుకుపోయి ఉంది. ఊరికే కూర్చోలేని దాన్ని కదా, "ఇంత మురికేంది చిన్నాయనా, కొళాయి కింద కడుక్కొస్తా ఉండు," అని తీసుకుని లేచాను.

ఆయన కుర్చీలోంచి లేచిన తీరు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. మైకు పడిపోయింది.

"నీకు పున్నెముంటాది పాపా, దానికి నీళ్ళు చూపియ్యొద్దు! ఆడ పెట్టు. పెట్టమంటాండా."

పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని, పసిపిల్ల చెంపను తుడిచినట్టు చొక్కా అంచుతో తుడిచాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. ఆ మసి మురికి కాదు. తాగి తాగి, రోజుకు ఇంత చొప్పున అది లోపల గోడకు పడుతుంది. అది పట్టేదాకా పైపు నోటిని మండిస్తుంది. పట్టినాకే పొగ చల్లగా వస్తుంది. నీళ్ళు తగిలితే అంతా కరిగిపోయి, చెక్క చీలిపోతుంది. "ఇన్నేండ్ల సాయంత్రాలన్నీ ఈడనే ఉండాయి పాపా," అన్నాడు, బొటనవేలు లోపల పెట్టి తిప్పుతూ. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆడవాళ్ళు సంగటి గిన్నె మాడు గోకితే సంతోషిస్తారు, ఈయన మాడు దాచుకుంటున్నాడే అనుకున్నాను.

ఇంకొక సంగతి చెప్పాలి, అది లేకపోతే ఇదంతా ఉత్త వినోదం అవుతుంది. మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం సంస్కారం ఇస్తారు. అందరూ బల్ల దగ్గరికి పోయి, ప్రభువు శరీరమూ రక్తమూ అనుకుని రొట్టె, రసం తీసుకుంటారు. చిన్నాయన ప్రతి ఆదివారం వచ్చేవాడు, తలుపు పక్క ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. సంస్కారం మొదలు కాగానే లేచి బయటికి పోయేవాడు. పైపు తాగడానికి పోతాడని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అంతే అనుకున్నాను.

మా పెద్దవాడు చంకలో ఉన్నప్పుడు ఒక ఆదివారం వాడు ఏడుపు అందుకుంటే నేను కూడా బయటికి వచ్చాను. చిన్నాయన గోడ దగ్గర ఎండలో నిలబడి ఉన్నాడు. చేతిలో పైపు లేదు. ముఖం తలుపు వైపు తిప్పి, లోపల పాడుతున్న పాటనే గొంతు తగ్గించి పాడుతున్నాడు. ఒక్క చరణం కూడా వదలకుండా పాడి, ముగిశాక కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏంటికి చిన్నాయనా లోపలికి రావు?" అని అడిగాను.

"ఎనకటి అయ్యగారు, ఆ ముసలాయన, పొగ తాగే నోటితో ఈ బల్ల కాడికి రావొద్దన్న్యాడు పాపా. సరే అంటి."

"ఆయన పోయి శానా ఏండ్లాయ గదా! ఇప్పుడెవురూ ఏమీ అనరు."

"అనకపోతే? నేను సరే అంటి గదా."

"అట్లయితే పైపు మానుకో."

"మానుకుంటానని సరే అనల్యా. రానని సరే అంటి." అని నవ్వి, పిల్లవాడి బుగ్గ పుణికాడు. "లోపల మీ చిన్నమ్మ తీసుకుంటాదిలే. ఇంటికొకరు చాలు."

ఎంత మొండి మనిషి! నాకు ఒళ్ళు మండింది. మొగుణ్ణి ఒక్కసారైనా బల్ల దగ్గర చూడాలని చిన్నమ్మ ఎన్నేళ్ళు ప్రార్థన చేసిందో మాకందరికీ తెలుసు. స్త్రీల సమాజంలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే ఆమె లేచి నిలబడకముందే అందరికీ తెలిసిపోయేది. తర్వాత తర్వాత ఎవరూ అడగడం మానేశారు, ఆమె మాత్రం చెప్పడం మానలేదు.

పోయిన ఏడు ఎండాకాలంలో ఆయన వసారాలో కుర్చీలోనే పోయాడు. పైపు వెలిగే ఉందట. చిన్నమ్మ కిటికీ రెక్క వేసింది, దగ్గు వినబడలేదు, ఎత్తిపొడుపు దగ్గు ఒకటి దగ్గేవాడు లెండి, అది రాలేదని బయటికి వచ్చి చూసింది.

ఇక ఆ పైపులు. మన వైపు పోయినవాళ్ళ బట్టలు ఎవరికైనా ఇస్తాము, మంచం ఇస్తాము, చెప్పులు కూడా తీసుకుపోయేవాళ్ళు ఉంటారు. నోట్లో పెట్టుకున్న వస్తువు ఎవరు తీసుకుంటారు? సొంత అన్నదమ్ములే చెంబు పెదవికి ఆనించకుండా ఎత్తి పోసుకునే జాతి మనది. శవపెట్టెలో ఆయన చేతిలో ఒకటి పెడదామని కుర్రాళ్ళు అంటే సంఘపెద్ద కళ్ళెర్రజేశాడు. పెన్నలో కలిపేయమని ఒకరు, పాత సామాన్ల వాడికి వేయమని ఒకరు. ప్రొద్దుటూరులో పెళ్ళి ఫొటోలు తీసే అబ్బాయి ఒకడు, పెళ్ళికొడుకుల నోట్లో పెట్టి ఫొటోలు తీస్తానని, అన్నీ ఇచ్చేయమని నా ద్వారా అడిగించాడు. పెళ్ళికొడుకులకు ఎంగిలి సంగతి చెప్తావా అని అడిగాను. మళ్ళీ కనిపించలేదు. నెలలు గడిచినా చెక్క గోడ మీదే ఉంది. చిన్నమ్మ ఎవరి మాటకూ ఊ అనలేదు, ఊహూ అనలేదు.

కోతపండుగ ముందు రోజు నేను జమ్మలమడుగు పోయాను. చిన్నమ్మ ఇంట్లో లేదు. మిద్దె మీంచి, "పైకి రా పాపా," అని గొంతు వినిపించింది. ఎక్కి చూద్దును కదా, పాత చీర పరిచి, దాని మీద వడియాల్లాగా పైపులన్నీ ఎండబెట్టి ఉన్నాయి. పక్కన సబ్బు నురగతో గంగాళం. మసిగుడ్డలు, పీచు, కుంకుడుకాయ తొక్కలు.

"నీళ్ళు సలసల కాగబెట్టి అందులో నానేసినా," అంది చిన్నమ్మ. చేతులు వేళ్ళ కొసలదాకా నల్లగా ఉన్నాయి. "కుంకుడుకాయ, సబ్బు, బూడిద. పుల్ల పెట్టి లోపలంతా గీకినా. ఎంత మసి పోయినాదో తెల్సా! చూడు, కొత్తవాటి మాదిరి లేవూ?"

నేను ఒకటి చేతిలోకి తీసుకున్నాను. లోపల పచ్చి చెక్క బయటపడింది. మెరుగంతా పోయి ఎండిన కట్టెలాగా తెల్లబారింది. ఒకదానికి అంచు నుంచి కిందిదాకా చీలిక. నోట్లో పెట్టుకునే నల్లటి గొట్టాలు ఎండకు గోధుమరంగు తిరిగాయి. అంతకంటే వింత ఇంకొకటి. వంపు తిరిగిన పైపులు ఒక్కటీ లేవు. వేడినీళ్ళకు గొట్టాలన్నీ మెత్తబడి నిటారుగా అయిపోయాయి.

"వంకర గూడా పోయింది చూడు," అంది చిన్నమ్మ. ఆమె ముఖంలో అంత వెలుగు ఆయన పోయాక నేను చూడలేదు. "రేపు బల్ల మీద పెడతా పాపా. పొగ తాగే నోటితో రావొద్దన్న్యారు గదా ఆయన్ని. ఆయన రాల్యా. ఇవన్నా పోనీ. మసి లేదు, వాసన లేదు. ఇప్పుడు వద్దనేదానికి ఎవురికీ ఏమీ లేదు గదా?" అని ఆగి, నా వైపు చూసింది. "అయ్యగారు వద్దంటాడంటావా?"

నా నోటికి అడ్డూ ఆపూ ఉండదని మా ఇంట్లో పేరు. ఆ రోజు మాత్రం ఆ మసి ఏమిటో చిన్నమ్మకు చెప్పలేదు. చిన్నాయన సాయంత్రాలన్నీ ఆ గంగాళంలో ఉన్నాయి. ఆమె మొదటిసారి ఆ పైపులను చేత్తో ముట్టుకున్నది అవి కడగడానికే.

"ఎవురంటారు చిన్నమ్మా? అంటే నేనుండాను," అన్నాను.

మరుసటి రోజు సంఘపెద్ద అననే అన్నాడు. ఆరాధనకు ముందే పైపుల పళ్ళెం చూసి, "దేవుని బల్ల మీద పొగ గొట్టాలేంది? కోళ్ళకాడ కింద పెట్టండి," అన్నాడు. చిన్నమ్మ పళ్ళెం వదలలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేను లేచేలోపే అయ్యగారు వచ్చాడు. కుర్రవాడు, మా ఊరికి కొత్త. చిన్నాయనను ఎరగడు. ఒక పైపు తీసి వాసన చూసి, "కుంకుడుకాయ వాసనొస్తాంది గదన్నా," అన్నాడు సంఘపెద్దతో. పళ్ళెం తీసుకుని బల్ల నడిమధ్యలో పెట్టాడు. చిన్నమ్మ తన చోటికి వచ్చి కూర్చుని, కొంగుతో ముఖం కప్పుకుంది.

వేలం మొదలైంది. చిన్నమ్మ కబురు పెట్టిందని కువైట్ నుంచి వచ్చి ఊళ్ళో ఉన్నవాళ్ళంతా చర్చికి దిగారు. వాళ్ళలో సగం మంది మా సంఘం కాదు, మా మతమూ కాదు. అందరూ తాము తెచ్చిన పైపే పాడుకుంటామని వచ్చారు. తీరా చూస్తే ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు.

"నాది వంకరగా ఉండె గదత్తా," అన్నాడు ఓబులేసు చిన్నమ్మతో.

"నాది నల్లగా నిగనిగలాడతా ఉండె," అన్నాడు సుబానీ. "ఇదేంది, పాలిపోయిండాది?"

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "పాపకు అన్నీ తెలుసు. దినామూ చూసింది గదా. చెప్పు పాపా."

నేను పోయి వేలం వేసేవాడి పక్కన నిలబడ్డాను. ఒక్కొక్క పైపు తీసి, "ఇది ఓబులేసు," "ఇది సుబానీ," అని ధైర్యంగా చెప్పుకుంటూ పోయాను. రోజూ బస్టాండులో చూసిన ఆ పెద్ద పైపును గుర్తుపట్టి ఆఖరుకు ఉంచాను. మరియమ్మ పైపు మీద అరబ్బు పళ్ళ గాట్లు ఉన్నాయి కాబట్టి అదీ తెలిసే చెప్పాను. మిగతావన్నీ నా ఇష్టం. ఎవరికీ అనుమానం రాలేదు. ఓబులేసు తన చేతికొచ్చిన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఆ, ఇదేలే, ఈ మచ్చ నాకు గుర్తుండాది," అన్నాడు. మరియమ్మ ఇంకా కువైట్‌లోనే ఉంది. వాళ్ళ తమ్ముడు ఫోన్ ఎత్తి పట్టుకుంటే వీడియోలోంచే పాడింది. "నా పైపు ఎవురికీ ఇయ్యొద్దండన్నా, ఒకటోసారి రెండోసారి అని గబగబా అనొద్దు, ఈడ నెట్టు ఆగిపోతాంది!" అని ఆ పిల్ల అరుస్తుంటే చర్చి అంతా నవ్వింది. సంఘపెద్ద కూడా నవ్వాడు. నవ్వి, ఊరుకోలేక ఒక పైపు తానూ పాడుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆఖరికి పళ్ళెంలో ఒక్కటే మిగిలింది. అంచు నుంచి కిందిదాకా చీలిక పడ్డది. రోజూ ఆయన నోట్లో ఉండినది.

"ఇది భాయ్," అన్నాను.

తలుపు పక్క ఆఖరి బెంచీలోంచి ఒక పెద్దాయన లేచాడు. తెల్లటోపీ, తెల్లగడ్డం. ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చి, తెలిసో తెలియకో చిన్నాయన చోటులోనే కూర్చున్నాడు. ఎవరూ పోటీ పాడలేదు. పైపు ఆయన చేతికిచ్చాను. బొటనవేలు లోపల పెట్టి తిప్పాడు, అచ్చం చిన్నాయన తిప్పినట్టే. వేలు ఆగిపోయింది. చీలిక చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆమెకు చెప్పొద్దన్నట్టు నేను తల కొద్దిగా అడ్డంగా ఊపాను. అంతే, ఆయనకు మొత్తం అర్థమైంది.

చిన్నమ్మ లేచి ముందుకు వచ్చింది. "వాసన బాగా పోయిందా భాయ్? నీకైతే తెలుస్తాది గదా."

భాయ్ పైపును రుమాలుతో తుడిచాడు. "పోయింది వదినా. ఇంత బాగా ఎవురూ తోమలేరు. అన్న జూస్తే గుర్తుపట్టడు."

"ఆయన జూస్తే కిటికీ పగలగొడతాడు," అంది చిన్నమ్మ. నవ్వుతూనే ఏడ్చింది. భాయ్ కూడా ఏడ్చాడు. నేనెందుకు ఊరుకుంటాను?

తర్వాత భాయ్ తన బెంచీకి పోయి కూర్చున్నాడు. వేలం ముగిసి అందరూ కోళ్ళ కోసం, కాయల కోసం తోసుకుంటుంటే, జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. ఎండాకాలంలో చిన్నాయన కోసం కలిపి పెట్టి, ఇవ్వకుండానే మిగిలిపోయిన పొగాకు. ఒక చిటికెడు పైపులో వేసి, బొటనవేలితో ఒత్తాడు. ఇంకొక చిటికెడు వేసి ఒత్తాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"భాయ్, ఏం చేస్తాండావు?"

"బల్ల మీదికే ఇచ్చేస్తా పాపా. పాడుకున్నోళ్ళు తిరిగిస్తారంట గదా మీలో."

"ఇస్తే ఇయ్యి. పొగాకేంటికి?"

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇంత కూడా తెలియని దానివా అన్నట్టు. "మీ చిన్నమ్మ మా క్యారియరు ఎప్పుడన్నా ఉత్తది పంపించిందా?"

పైపును రుమాలులో చుట్టి, తీసుకుపోయి అయ్యగారికి ఇచ్చాడు. ఎండ తగ్గకముందే ప్రొద్దుటూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు. కానుకగా తిరిగొచ్చిన వస్తువును ఏం చేయాలో తెలియక, అయ్యగారు దాన్ని రుమాలుతో సహా బల్ల వెనక చెక్కబీరువాలో పెట్టి తాళం వేశాడు. సంస్కారపు గిన్నెలు, పళ్ళేలు, బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉండే బీరువా అది. సంస్కారం రొట్టెను కూడా ముందు రోజే తెచ్చి, ఎలుకల భయానికి అందులోనే పెడతారు.

తర్వాతి నెల మొదటి ఆదివారం, సంస్కారం రోజు, నేను కావాలనే జమ్మలమడుగు పోయి చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. అయ్యగారు బీరువా తెరిచాడు. తెల్లగుడ్డ దులిపి బల్ల మీద పరిచాడు. ముందు బెంచీలో ఉన్న మాకు సన్నగా తేనె కలిసిన పొగాకు వాసన వచ్చింది. చిన్నమ్మ చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. ముక్కు దాకా తెచ్చి, అక్కడ ఆపి, కొంగు మళ్ళీ ఒళ్ళో వేసుకుంది.

బల్ల దగ్గరికి ఇద్దరమూ కలిసే పోయాము. రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాక అందులోనూ ఆ వాసనే తగిలింది. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అంత తోమితి గదా పాపా," అంది చెవిలో. "వాసన పోల్యా."

మిగతావాళ్ళు తీసుకుని తమ చోట్లకు పోయారు, పాట కూడా అయిపోయింది. చిన్నమ్మ ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉంది. ఆ ముక్కను అప్పుడే మింగేయడానికి ఆమెకు మనసు రాలేదు.